అడిగితే చెప్పేదాన్ని

రీలు కడిగి, ఫోటో ఆరేదాకా ఎదురుచూసే రోజులవి. తన స్టూడియో పేరెత్తితే ఆ ఫోటోగ్రాఫర్‌కి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆమె తిట్టే. ఫోటోలకు రంగులద్దడానికి చేరిన తొలిరోజే గొడవ పెట్టుకుంది.

"పెళ్లికూతురి మొహానికి ఇంత లైటా? సున్నం కొట్టినట్టుంది!"

"మీరొచ్చింది రంగులెయ్యడానికా, తీర్పులు చెప్పడానికా?"

"రెండిటికీ. జీతం మాత్రం ఒకటే!"

అతని కోపం సాయంత్రానికల్లా కరిగిపోయింది.

కొన్నాళ్లకు, జోరువానలో ఒక మధ్యాహ్నం, ఆమె చేతిలోని కుంచె జారింది. ఆమె కుర్చీలోంచి నేలకొరిగింది. కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి. "చేతిలో తాళాలు పెట్టండి!" అని ఎవరో అరిచారు. అతను తాళాలగుత్తి ఆమె గుప్పిట్లో కుక్కాడు.

తేరుకున్నాక ఆమె గుత్తిని చూసి నీరసంగా నవ్వింది. "ఏంటి, స్టూడియో నాకు రాసిచ్చేశారా?"

"అంటే... ఫిట్స్‌కి..."

"తాళాలతో తగ్గదండీ. దానంతటదే ఆగుతుంది. ఈసారి వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. నోట్లో ఏమీ కుక్కొద్దు. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌ని పిలవండి."

మర్నాటి నుంచి స్టూడియోలో ఫ్లాష్ మాయం. కత్తెర మాయం. ఆమె మెట్లెక్కితే వెనకే అతను.

"ఏంటీ కాపలా?"

"ఫ్లాష్ పడితే మీకు మళ్లీ..."

"కొందరికి వస్తుంది. నాకు రాదని డాక్టరు పరీక్ష చేసే చెప్పారు. నిద్ర చాలకపోతే వస్తుంది, మాత్ర మానేస్తే వస్తుంది. అడిగితే చెప్పేదాన్ని కదా! ఇంట్లో అమ్మ ఎలాగూ నన్ను గాజుబొమ్మని చేసింది. ఇక్కడ మీరూనా?"

కళ్లు తుడుచుకుని, కుంచెలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆమె కుర్చీ వంక చూడలేక అతనే వానలో తడుస్తూ వాళ్లింటికి వెళ్లాడు.

తల్లి తలుపు సగమే తీసింది. "దానికి మూర్ఛ ఉందని తెలుసా బాబూ? వెనక ఒక సంబంధం వాళ్లు ఆ మాట వినగానే చెప్పులేసుకున్నారు."

"తెలుసండీ. తెలియనివి బోలెడున్నాయి. అడుగుదామనే వచ్చాను."

"ఏం అడుగుతారట?" లోపలి నుంచి ఆమె గొంతు.

"రేపు పనిలోకి వస్తారా అని." కాస్త ఆగాడు. "నన్ను పెళ్లి చేసుకుంటారా అని."

ఆమె గొంతు తలుపు దగ్గరికి వచ్చింది.

"భయం పోయిందా?"

"పోలేదు. భయపడుతూనే మీ పక్కనుంటాను. మిమ్మల్నడక్కుండా మాత్రం ఏదీ చెయ్యను."

తల్లి కొంగుతో కళ్లొత్తుకుని తలుపు బార్లా తెరిచింది. "లోపలికి రా నాయనా, తడిసి ముద్దయ్యావు. దాని మాత్రల వేళలు చెబుతాను, గుర్తుపెట్టుకో..."

"అమ్మా! నా మాత్రలు నేను వేసుకోగలను!" అంటూ ఆమె బయటికి వచ్చింది. అతని చేతికి తువ్వాలు అందించి, చూపు మాత్రం వాన మీదికి తిప్పుకుంది.

"అడిగారు కాబట్టి చెబుతున్నాను. సరే."