వీపు చూడని ఫోటో

పెనుకొండ నరసింహులు పేరు ఎవరైనా ఎత్తితే చాలు, మున్వర్ నోట్లో ఎంగిలి ఊరేది. మింగడానికి కాదు, ఉమ్మడానికి.

ఎనిమిదేళ్ల కిందట ఆ మనిషి ఒక పాత క్రికెట్ ఫోటో చేతిలో పెట్టి, పరిగి దగ్గర మున్వర్‌కు వాళ్లవ్వ మస్తాన్‌బీ ఇచ్చిపోయిన చేను రాయించుకున్నాడు. ఫోటోకు భూమి మార్పిడి. ఏడాది తిరక్కుండానే ఆ చేను ప్లాట్లయింది. పదకొండు మందికి అమ్మేశాడు. ఆ తర్వాత ఎదురుపడినప్పుడల్లా ఒకటే మాట.

"ఏమప్పా మున్వరూ, ఫోటో బాగుండాదా? దుమ్ము పడనీకు."

చేను మాట మాత్రం ఎత్తడు.

ఆ సోమవారం ఉదయం 8:20కి పెనుకొండ ఎస్సై నాగజ్యోతి ఫోన్ చేసింది. "నరసింహులు గారింట్లో దొంగతనం. మా ఫోటోగ్రాఫర్ పెళ్లికి వెళ్లాడు. మీరు రావాలి."

మున్వర్‌కు మొదట సంతోషం కలిగింది. బస్సెక్కేసరికి ఆ సంతోషం మీదే అసహ్యం కలిగింది.

మున్వర్‌కు యాభై మూడేళ్లు. ఏడో తరగతిలో బడి మానేసి హిందూపురంలో ఒక స్టూడియో డార్క్‌రూమ్‌లో చేరాడు. తర్వాత సొంత స్టూడియో పెట్టాడు. సెల్‌ఫోన్లు వచ్చి దాన్ని మింగేశాయి. ఇప్పుడు మిగిలింది పాస్‌పోర్ట్ సైజులు, పోలీసు పని. ఉరితాళ్లు, బావులు, రైలు పట్టాలు. బతికున్నవాళ్లు ఫోటోలు ఫోన్లలో తీసుకుంటారు. చచ్చినవాళ్లకే ఇంకా మున్వర్ కావాలి.

9:35కి పెనుకొండలో నరసింహులు ఇంటి మెట్లెక్కాడు.

నరసింహులు పాత సామాన్ల వ్యాపారి. అరవై నాలుగేళ్లు. ఇల్లు దొంగలు దోచిన ఇల్లులా లేదు. యజమాని హాల్లో కూర్చుని ఉగ్గాని, బజ్జీ తింటున్నాడు. నూనె వేళ్లు నాకి, ఆ వేళ్లతోనే గోడకున్న ఖాళీ ఫ్రేము చూపించాడు.

"ఇదప్పా. 1949 నాటి ఫోటో. మద్రాసు మైదానం. బౌలరు బాలు వదుల్తా గాల్లో ఉంటాడు. అట్లాంటిది మళ్లీ దొరకదు."

ఫ్రేము వెనక అట్టను బ్లేడుతో కోశారు. అట్ట అంచుల మీద లక్క సీలు, నరసింహులు సంతకం సగానికి తెగి ఉన్నాయి. మున్వర్ నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. గదిలో బజ్జీల నూనె వాసన.

"ఎవరి మీద అనుమానం?" అన్నాడు కెమెరాలోంచి తల ఎత్తకుండా.

"అనుమానమేంది? దొరికిపోయినాడు. హిందూపురం డ్రాయింగ్ మాస్టరు డేవిడ్. బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెట్ బొమ్మల కార్డులు ఏరుకునేవాడు. చిల్లర బుద్ధి."

ఎస్సై వివరాలు చెప్పింది. ఆదివారం 11:40కి డేవిడ్ ఈ ఇంటికి వచ్చాడు. 1:15కి భోజనం. 2:05కి బస్సు. 4:30కి నరసింహులు స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చాడు. సోమవారం 7:10కి హిందూపురంలో డేవిడ్ ఇల్లు వెతికారు. అతని కార్డుల ఆల్బమ్‌లో, రెండు పేజీల మధ్య, ఒక ఫోటో ముక్క దొరికింది. నరసింహులు చూసి, తన ఫోటోదేనని రాసి సంతకం పెట్టాడు.

"ఫోటోను ఆల్బమ్‌లో దాచి తెచ్చాడు. లాగేటప్పుడు అంచు చిరిగి లోపల ఉండిపోయింది. అంతే కేసు," అంది.

"మరి ఫోటో?"

"అమ్మేశాడేమో. నోరు విప్పడం లేదు."

స్టేషన్‌లో 10:15కి ఆ ముక్కను మున్వర్ ముందు పెట్టారు. రెండు వేళ్ల వెడల్పు, వేలెడు పొడవు, ఒక మూలతో సహా. ముందు తెల్ల అంచు. వెనక ఏదో పత్రిక ఆఫీసు ఊదారంగు స్టాంపు, సగం. పక్కన స్కేలు పెట్టి క్లోజప్ తీశాడు. కెమెరా తెరమీద పెద్దది చేసి చూశాడు. చిరిగిన వైపు కాదు, కోసిన వైపు. ఇంకోసారి చూశాడు.

స్కేలును ముక్క మూలకు జరిపి, ఆ అంచును మళ్లీ కొలిచాడు.

"ఏమైంది?" అంది నాగజ్యోతి.

"ఏంలే మేడం. కట్టింగు చూస్తాండా."

డేవిడ్ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. నలభై ఐదేళ్ల మనిషి. ఒళ్లో ఖాళీ చేతులు. ఆల్బమ్ లేకపోతే ఆ చేతులు ఏం చేయాలో అతనికి తెలియనట్టుంది.

"ఎందుకు వెళ్లావు?" అంది ఎస్సై.

"రమ్మన్నాడు మేడం. నా దగ్గర లేని కార్డు నలభై ఏడో నంబరు. తన దగ్గర ఉండాదన్నాడు."

"ఇచ్చాడా?"

"లేదు. వెతకల్ల అన్నాడు."

"ఆల్బమ్ నీ చేతిలోంచి పోయిందా?"

"అన్నం తిని చేతులు కడుక్కునేదానికి పోయినా. ఐదు నిమిషాలు టేబుల్ మీదుండె."

"స్కూల్లో తెలిసిందా?"

"తెల్సింది. ఈ పొద్దు రావద్దన్నారు. రేపు కూడా రావద్దంటారు."

మున్వర్ మొదటిసారి నోరు తెరిచాడు. "డేవిడ్, నీకు ఫోటోల మీద ఎప్పుడైనా ఆశ పుట్టిందా?"

డేవిడ్ నవ్వడానికి ప్రయత్నించాడు. "నాకేమిటికి మున్వర్ భాయ్? కార్డుకు నంబరుంటాది. ఏది ఉండాదో ఏది లేదో తెలుస్తాది. ఫోటోకేముంటాది, అమ్మినోడి మాట తప్ప? దాన్ని దొంగిలించి నేను యాడ అతికించుకోవల్ల?"

అమ్మినోడి మాట తప్ప. ఆ మాట మున్వర్‌కు ఎక్కడో తగిలింది.

1:10కి ఎస్సై జీపు ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి ముందు ఆగింది. యజమాని అశోక్. దొంగతనమైన ఫోటో కొనడానికి బేరం కుదుర్చుకున్నది ఇతనే. పరుపు మీద చీరలు మడుస్తూ జవాబులు చెప్పాడు.

"ఫోటో ఎప్పుడు తీసుకోవాల్సింది?"

"ఈ పొద్దు పదకొండుకు. సీలు విప్పి, తిప్పి చూసి, అప్పుడు తీసుకుంటానన్నా."

"తిప్పి చూడటం ఎందుకు?"

అశోక్ ఒక చీర అంచు తిరగేశాడు. "పట్టు మేము వెనక చూసి కొంటాం మేడం. ఫోటో కూడా అంతే. కార్డు వేరే. లక్షల్లో అచ్చవుతాది, మూలలు నలగకుండా ఉంటే చాలు. అమెరికాలో బేస్‌బాల్ కార్డుల్ని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు వేస్తారు. నరసింహులన్న ఆ వీడియోలు చూసి ఆ పద్ధతే ఫోటోలకు తగిలించినాడు. అవే వీడియోలు నేనూ చూసినా. ఆడ పాత బేస్‌బాల్ ఫోటోలు కొనేవాళ్లు ముందు వీపు చూస్తారు. స్టాంపు, పెన్సిల్ రాత, కాగితం. చేత్తో తాకి చూస్తారు. సీలు వేస్తే తాకేదెట్ల?"

"నరసింహులు ఏమన్నాడు?"

"విప్పితే విలువ సగం పోతాదన్నాడు. పోతే నాది పోతాదిలే అన్నా. సరే అన్నాడు. ఆదివారం దొంగతనమన్నాడు."

మున్వర్ కల్పించుకున్నాడు. "అంతకుముందు వీపు చూసినావా అశోకన్నా?"

"జిరాక్స్ చూపించినాడు."

మున్వర్ అంగడి బయటికి వచ్చి మురిక్కాలవ పక్కన ఉమ్మాడు. ఎనిమిదేళ్ల కిందట నరసింహులు తనకూ జిరాక్సే చూపించాడు. ఇరవై ఏళ్లు డార్క్‌రూమ్‌లో వేళ్లతో కాగితం గుర్తుపట్టిన మనిషి. ఆ రోజు నరసింహులు ఇంట్లో ఇద్దరు బెంగళూరువాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. సీలు విప్పమని అడిగితే ఏమీ తెలియని మొద్దు అనుకుంటారని నోరు మూసుకున్నాడు. ఆ సిగ్గు ఎనిమిదేళ్లుగా గోడకు వేలాడుతోంది.

3:20కి హిందూపురంలో ఇంటికి వచ్చి ఫ్రేము కిందికి దించాడు. భార్య మెహరున్నీసా గుమ్మంలో నిలబడింది.

"యాడికి తీసకపోతాండావు దాన్ని?"

"స్టేషన్‌కు."

"బెంగళూరాయన ఒకడు దాన్ని సీలుతో పాటే కొంటానన్నాడు కదా. వచ్చే నెల వస్తాడు."

"వస్తాడు."

"మరి దాని మీద చెయ్యి వెయ్యొద్దు. డేవిడ్ మనకేమైతాడు?"

ఏమీ కాడు. ఆ మాట నిజమే. నోరు మూసుకుంటే వచ్చే నెల బెంగళూరాయన చేతిలో ఈ ఫ్రేము పెట్టొచ్చు. దుమ్ము పడనీకండి అని చెప్పొచ్చు కూడా. ఆ మాట తన గొంతులో ఎలా వినిపిస్తుందో ఊహించుకున్నాడు. అచ్చం నరసింహులు గొంతే. ఉగ్గాని వాసనతో సహా.

ఫ్రేమును దుప్పట్లో చుట్టాడు. మంచం కింద నుంచి పాత పేపర్ కట్టర్ తీసి సంచిలో వేశాడు.

5:40. స్టేషన్‌లో నాగజ్యోతి టేబుల్ ముందు నరసింహులు, అశోక్, డేవిడ్. మున్వర్ కట్టర్ టేబుల్ మీద పెట్టాడు.

"మేడం, ఒక తెల్లకాగితం ఇయ్యండి."

కాగితాన్ని కట్టర్ గట్టుకు ఆనించి బ్లేడు దించాడు. కోసిన అంచును ఆమె ముందుకు జరిపాడు.

"వేలితో తడమండి. గట్టు నుంచి అంగుళంన్నర దగ్గర."

ఆమె తడిమింది. భూతద్దం తీసి చూసింది. నున్నటి అంచు మీద ఆవగింజంత పన్ను.

"1997లో ఈ బ్లేడు ఒక స్టాప్లర్ పిన్ను మీద పడింది. మొన చిన్నగా విరిగింది. కొత్తది కొనే స్తోమత లేదు. అప్పట్నుంచి ఇది ఏం కోసినా ఆ పన్ను పడుతాది. ఇప్పుడా ఫోటో ముక్క చూడండి."

ఆమె కవరులోంచి ముక్క తీసి స్కేలు పెట్టింది. అంగుళంన్నర. అదే పన్ను.

ఆమె ముక్కను, తెల్లకాగితాన్ని పక్కపక్కన పెట్టింది.

"ఇది 1949 ఫోటో అంట మేడం. 1949లో ఈ కట్టర్ లేదు. నేను పుట్టనే లేదు. ఈ కాగితం నా స్టూడియోలో, ఎర్రలైటు కింద, నా చేత్తో కోసింది."

నరసింహులు తుండుతో మెడ తుడుచుకున్నాడు. "నా మీద కక్ష ఉండాది మేడం వీనికి. వీడే కోసి పెట్టినాడు."

"ముక్క ఏడు పదికి దొరికింది. మున్వర్ తొమ్మిది ముప్పై ఐదుకు వచ్చాడు," అంది ఎస్సై.

"అయితే వీళ్లిద్దరూ కలిసినారు. ఆ ముక్క నాది కాదు. పొరపాటున గుర్తుపట్టినా. నా ఫోటో అసలైందే."

మున్వర్ ఈ మాట కోసమే చూస్తున్నాడు. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాడు. దుప్పటి విప్పి ఫ్రేము బోర్లా పెట్టాడు. వెనక అట్ట మీద లక్క సీలు. నరసింహులు సంతకం, వేలిముద్ర, తేదీ. ఎనిమిదేళ్ల దుమ్ము. ఎక్కడా తెగలేదు.

"ఈ సీలు నీదే కదా నరసింహులన్నా?"

నరసింహులు ముఖం చిన్నదైంది. గొంతు మెత్తబడింది. "మున్వరూ, విప్పితే నష్టం నీదేనప్పా. నేను గ్యారంటీ ఇయ్యను. ఆలోచించుకో."

"సీలు ఎవరిది?" అంది ఎస్సై.

"... నాదే."

మున్వర్ బ్లేడుతో నాలుగు వైపులా కోశాడు. అట్ట లేచింది. ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి ఆ ఫోటోను చేత్తో తాకాడు. తాకగానే తెలిసింది. చూడాల్సిన పనే లేదు. బొటనవేలు అంచు మీద జారి, అంగుళంన్నర దగ్గర ఆగింది.

తలెత్తకుండానే చెప్పాడు.

"స్టూడియో మూసేటప్పుడు ఫోటో పెద్దది చేసే నా ఎన్‌లార్జరు, నేను కోసి పెట్టి వాడని పేపరు నాలుగు డబ్బాలు ఇతనే కొన్నాడు. హాబీ అన్నాడు. రెండు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి ప్రింటు వేసేది నేర్పించినా. నెల తర్వాత 'నాకు చేత కాలేదు, పాత ఇనుము గుజిరీకి వేసినా' అన్నాడు. నమ్మినా. అది ఇరవై ఏళ్ల కిందటి పేపరు మేడం. నిలవుండి తెల్లదనం చచ్చి బూడిదరంగు తిరిగింది. దాన్నే మేము వయసు అనుకున్నాం. అసలు ఫోటోలు యాడో దొరికించుకుని వాటిని కాపీ తీసినాడు. స్టాంపు రబ్బరుస్టాంపుల అంగడిలో చేయించినాడు. వీపు చూస్తే కాగితం తెలిసినోడు పట్టేస్తాడు. అందుకే సీలు. అశోకన్న విప్పుతానన్నాడు. దొంగలెత్తుకపోయిన ఫోటోను ఎవడూ విప్పలేడు. అందుకే డేవిడ్‌ను పిలిచినాడు."

"మిగతా ఫోటో ఎక్కడ?" నాగజ్యోతి నరసింహులు వైపు తిరిగింది.

నరసింహులు తుండును మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీళ్ల పొయ్యిలో వేసినా."

"ముక్క?"

"ఆల్బంలో నేనే పెట్టినా."

డేవిడ్ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "నలభై ఏడో నంబరు నీ దగ్గర ఉండాదా లేదా?" అని అడిగాడు.

"లేదు."

"దానికి కూడా అబద్ధమేనా?" అన్నాడు డేవిడ్. అన్నిటికంటే అదే అతనికి ఎక్కువ నొప్పి కలిగించినట్టుంది.

అశోక్ అతని ఆల్బమ్ తీసి చేతిలో పెట్టాడు. స్కూలుకు తనే ఫోన్ చేస్తానంది నాగజ్యోతి.

కానిస్టేబుల్ నరసింహులును లోపలికి తీసుకుపోతుంటే, ఆ మనిషి మున్వర్ దగ్గర ఆగాడు. ఆ మెత్తటి గొంతు పోయింది.

"నన్ను లోపలేస్తే నీకేమొచ్చిందప్పా? భూమి రిజిస్టరయ్యింది. ఇష్టపడే సంతకం పెట్టినావు. ఆడ పదకొండు మంది ఇండ్లు కట్టుకున్నారు. వాళ్లను లేపుతావా?"

మున్వర్ ఫ్రేమును పక్కకు జరిపాడు. టేబుల్ మీది ఫోటోను చూస్తున్నాడు. అందులో ఒక బ్యాట్స్‌మన్ టోపీ చేతిలో పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. ప్రింటు బాగా వచ్చింది. నలుపు నిండుగా ఉంది. నేర్పింది తనే. బాగా నేర్పాడు. నోట్లో ఎంగిలి ఊరింది. స్టేషన్‌లో ఎక్కడ ఉమ్మాలో తెలియక మింగేశాడు.

స్టేషన్ రైటర్ మున్వర్ తరఫున కొత్త కంప్లైంట్ కాగితం తీశాడు. పేరు రాశాడు. తండ్రి పేరు, ఊరు, వయసు రాశాడు. పెన్ను ఆపి తలెత్తాడు.

"పోయిన సొత్తు ఏమప్పా? ఫోటో అని రాయల్నా?"

"ఫోటో ఆడ టేబుల్ మీదే ఉండాది కదప్పా," అన్నాడు మున్వర్. "రాసుకో. పరిగి దగ్గర, మస్తాన్‌బీ చేను. ఒక ఎకరా ముప్పై ఆరు సెంట్లు."