గాదె మారిన మణికట్టు

మూడో రేకూ చిరిగిపోయింది. వరహాలమ్మ తన కృత్రిమ హస్తాన్ని తిట్టిపోసింది. ఆత్రేయపురంలో పూతరేకుల పనే ఆమెకు కూడు పెడుతోంది. ప్రమాదంలో కుడిచెయ్యి పోయాక ఆ పనంతా ఈ చేతిదే.

ఆ కాలంలో నేర్పు పొట్లాలుగా దొరికేది. పనివాళ్లు తమ పనితనాన్ని పొట్లంగా కట్టి గాదెల్లో ఉంచితే, కావలసినవారు తమ కృత్రిమ చేతిలోకి దించుకునేవారు. పది గాదెల పొట్లాలు ఒకే చేతిలో తగువుపడకుండా చూస్తూ, ఆ చేతిలోంచే మాట్లాడే పనిముట్టు పేర్పరి. ఆ బుద్ధికుశలతకు ఎవరైనా ముచ్చటపడాల్సిందే!

"నిన్న మీరు 'అన్నీ కొత్తవి పెట్టు' అన్నారు," అంది పేర్పరి. "మీ మణికట్టు పొట్లం ఊరిగాదెది. ప్రభుత్వ గాదెలో అదే పేరుతో కొత్తది కనబడితే మార్చాను."

"గరిటె తిప్పడానికి పనికొస్తది గానీ రేకు తీయడానికా అది? పాతదే తెచ్చి మళ్లీ మారకుండా బిగించెయ్."

"ఇవాళ్టికి తెస్తాను. బిగించాలంటే దాన్ని కట్టినవారు ఒక రేకు తీసి చూపించి ఒప్పుకోవాలి. అంటే మాణిక్యాంబ గారు."

మాణిక్యాంబ వరహాలమ్మకు తోటికోడలు. పొయ్యిల పంపకం దగ్గర మాటామాటా పెరిగి, ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. ఇన్నాళ్లూ తన పొట్ట నింపుతున్న నేర్పు ఎవరిదో వరహాలమ్మ అడగనే లేదు. సిగ్గు చంపుకుని మాణిక్యాంబ ఇంటికి బయల్దేరింది.

సంగతంతా విని మాణిక్యాంబ సరేనంటూనే చెయ్యి చాపి చూపించింది. వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి.

"ఈ వణుకు పట్టి రెండేళ్లయ్యిందే. రేకు మాట దేవుడెరుగు, కాఫీ గ్లాసే నిలవట్లేదు."

ఏ పొట్లం పాతబడిందో పేర్పరికి ఇట్టే తెలుస్తుంది. పొట్లం కట్టిన చేతులు కూడా పాతబడతాయని దానికెవరూ చెప్పలేదు.

"పొయ్యి వెలిగించక్కా," అంది వరహాలమ్మ. బోర్లించిన కుండ వేడెక్కాక, ఆ వణికే చేతిని తన కృత్రిమ హస్తంతో పొదివి పట్టుకుంది. రెండు చేతులూ కలిసి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద లాగాయి. రేకు చిరక్కుండా లేచి వచ్చింది.

"ఇది మాణిక్యాంబ గారి పనితనమే. పొట్లం బిగించాను," అంది పేర్పరి.

మాణిక్యాంబ రేకును చూడలేదు. తోటికోడలి మణికట్టునే చూస్తూ ఏడ్చేసింది.

"నా చెయ్యేనే అది! ఇంకా బానే ఉందే!"

"రేపట్నుంచి నీ పొయ్యి దగ్గరికే వచ్చి చేస్తానక్కా. నీ చెయ్యి నీ కళ్లముందే ఉండాలి."

మాణిక్యాంబ కళ్లు తుడుచుకుని, ఇంకో పీట తెచ్చి పొయ్యి పక్కన వేసింది.