ఎడమచేతి ముడి

ఆగస్టు మధ్యాహ్నం దక్షిణ ఇటలీలోని పూలియాలో కుక్కలు కూడా వీధిలోకి రావు. భోజనాలయ్యాక కిటికీ రెక్కలు మూసేసి ఊరు ఊరంతా పడుకుంటుంది. ఆ వేళని అక్కడ కొంత్రోరా అంటారు. బతికున్నవాళ్ళు పడుకున్నప్పుడు పోయినవాళ్ళు లేచి తిరుగుతారని చెప్పి ముసలమ్మలు పిల్లల్ని మంచం దిగనివ్వరు. కొండమీది పాత మఠంలో పెట్టిన ఆడపిల్లల జువనైల్ హోమ్‌లో ఆ భయం పెట్టాల్సిన పని లేదు. అక్కడ అందరికంటే ముందు గార్డులే గురకపెడతారు.

ఆ మధ్యాహ్నం తెక్లా ఒక్కతే మేలుకుని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల, కుళ్ళుతో ఉడికిపోతోంది. పక్క మంచంమీద ఒర్నెల్లా నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. మంచం కింద కొత్త బూట్లు. రేపు పొద్దున్న ఆ బూట్లు వేసుకుని ఒర్నెల్లా బయటికి వెళ్ళిపోతుంది.

హోమ్‌లో రొట్టెల క్లాసు ఒకటుంది. అందులో బాగా నేర్చుకున్న పిల్లని, శిక్ష ఇంకా మిగిలి ఉన్నా, జడ్జి అనుమతితో బారి నగరంలో ఒక ఇంటికి పంపుతారు. పొద్దున బేకరీలో పని, సాయంత్రం బడి, రాత్రి తాళం లేని గది. ఈ ఏడు ఒక్కటే చోటు వచ్చింది. అది తనదేనని తెక్లా చలికాలం నుంచీ అనుకుంటోంది. పిండి పట్టుకుంటే చాలు, ఎంత నీరు కావాలో ఆమె చేతికి తెలిసిపోతుంది. ఒర్నెల్లాకి ముద్ద కట్టడం నేర్పింది కూడా తనే. తీరా చూస్తే జడ్జి కాగితం మీద ఒర్నెల్లా పేరుంది.

"పని నీకే బాగా వచ్చు, కాదనను," అంది రొట్టెల క్లాసు నడిపే పీనా టీచర్. "కానీ లెక్కల పరీక్షలో కాగితం చింపి పారేసి వచ్చావు. సర్టిఫికెట్ లేకుండా జడ్జిని ఎలా ఒప్పించమంటావే?"

"దానికి మాత్రం ఏం వచ్చని టీచర్? నా పక్కన కూర్చుని నేర్చుకుంది."

"అదేనమ్మా. కూర్చుని నేర్చుకుంది."

ఆ మాట తెక్లాకి గొంతులో ముల్లులా దిగబడిపోయింది. అప్పటి నుంచీ ఒర్నెల్లా నవ్వినా, జుట్టు దువ్వుకున్నా, అత్తిపండు చీల్చుకుని తిన్నా తెక్లాకి ఒళ్ళు మండిపోయేది. నా చోటులో నవ్వుతోంది, నా బూట్లు వేసుకుంటోంది అనుకునేది.

ఆ క్లాసుకి ఒక ఆనవాయితీ ఉంది. రొట్టె పొంగడానికి అక్కడ తల్లిపిండి వాడతారు. ఎన్నో ఏళ్ళుగా రోజూ కాస్త పిండీ నీళ్ళూ పోసి బతికించుకొస్తున్న పులిసిన ముద్ద అది. దాన్ని గుడ్డలో చుట్టి, తాడుతో గట్టిగా బిగించి ఉంచుతారు. లోపల పొంగుతూ ఆ మూట తాడుని లాగుతూ ఉంటుంది. చూస్తే పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిబిడ్డలా ఉంటుంది. బయటికి వెళ్ళే పిల్లకి అందులోంచి కాస్త తీసి, చిన్న మూట కట్టి ఇస్తారు. ఒర్నెల్లా మూట క్లాసు జరిగే నేలమాళిగలో, పాలరాతి బల్లమీద సిద్ధంగా ఉంది.

ఆ తల్లిపిండిని మొదట కలిపింది లీబెరా అనే పిల్ల. మొట్టమొదటి క్లాసులో అమ్మాయి, ఎడమచేతి వాటం. బయటి చోటు ఆమెకి కాకుండా ఇంకో పిల్లకి వచ్చింది. ఆ పిల్ల వెళ్ళిన మర్నాడు కొంత్రోరా వేళ లీబెరా నేలమాళిగలో కడుపు పట్టుకుని పడి ఉంది. హాస్పిటల్‌కి చేరేలోపే పోయింది. ఏడుస్తూ పచ్చిపిండి మింగేసిందనీ, అది లోపల పొంగిందనీ పిల్లలు చెప్పుకుంటారు. పీనా టీచర్ దగ్గర ఆ పేరెత్తితే మాత్రం చేతిలో ఉన్న పని అక్కడే ఆపేసి బయటికి వెళ్ళిపోతుంది.

తెక్లా ఇవన్నీ నమ్మే రకం కాదు. ఆమె దగ్గర ఒక బ్లేడు ఉంది. రొట్టెలమీద గాటు పెట్టే బ్లేడు, పొద్దున క్లాసులో బల్ల అడుగున పిండితో అంటించి దాచింది. సాయంత్రం గార్డు కొన్సీలియా డబ్బా తెరిచి బ్లేడ్లు సరిచూస్తుంది. ఒకటి తగ్గితే హోమ్ అంతా తిరగేస్తారు. అది ఒర్నెల్లా మూటలో దొరికితే... అంతే. ఆ చోటు రెండో పేరుకి పోతుంది. సర్టిఫికెట్ లేకపోయినా జాబితాలో రెండో పేరు తనదే.

వట్టి కాళ్ళతో మెట్లు దిగింది. పైన కీచురాళ్ళ రొద చెవులు చిల్లులు పడేలా ఉంది. ఒక్కో మెట్టూ దిగేకొద్దీ అది తగ్గి, తలుపు తోసేసరికి పూర్తిగా ఆగిపోయింది. లోపల చల్లగా, చీకటిగా ఉంది. కిటికీ రెక్కల సందులోంచి సన్నటి ఎండగీత ఒకటి బల్లమీద పడుతోంది. పుల్లటి వాసన. రోజూ ఉండే వాసనే. ఎందుకో ఈసారి దానిలో తడి ఇనుము వాసన కూడా కలిసింది.

బల్ల అడుగున తడిమి బ్లేడు తీసుకుంది. ఒర్నెల్లా మూట తాడు విప్పింది. గుడ్డ తొలగించింది.

ముద్ద వెచ్చగా ఉంది. అంత చల్లటి గదిలో... వెచ్చగా.

తెక్లా రెండు వేళ్ళ మధ్య బ్లేడు పట్టుకుని ముద్దలోకి దూర్చింది. పిండి మెత్తగా దారిచ్చింది. వేళ్ళు లోపలికి పోయాయి. బ్లేడు వదిలేసి చెయ్యి వెనక్కి లాగింది.

రాలేదు.

లోపల ఏదో... వేళ్ళని పట్టుకుంది. పసిపిల్లలు పట్టుకున్నట్టు మొదట మెల్లగా. తర్వాత గట్టిగా. చల్లటి వేళ్ళు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి...

"అది వెళ్ళకూడదు... కదా?"

గుసగుస. చెవి పక్కనే.

తెక్లా తల తిప్పలేకపోయింది.

"నేనూ ఇలాగే పెట్టా... దాని మూటలో..."

"వదులు... వదులు..."

"అది వెళ్ళిపోయింది. నాతో ఎవరూ ఉండరు. అందరూ వెళ్ళిపోతారు..." గొంతు ఏడుపులోకి దిగింది. ఏడుపులో చెప్పలేనంత కుళ్ళు. అది తెక్లా గొంతులాగే ఉంది. "నువ్వుంటావా?"

అరుద్దామని నోరు తెరిచింది. నోరంతా పులుపు నిండిపోయింది. ఊపిరాడలేదు. మింగింది. ఆ పులుపుతోపాటు సన్నగా, చల్లగా ఏదో గొంతులోంచి జారిపోయింది.

పట్టు వదిలింది.

తెక్లా వెనక్కి పడి, లేచి చేతులు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. పిండి మరక కూడా లేదు. బల్లమీద ఒర్నెల్లా మూట మళ్ళీ కట్టి ఉంది. తాడు తను చుట్టే వైపు కాకుండా అటునుంచి ఇటు తిరిగి, ముడి తిరగేసి పడి ఉంది. పైకి పరిగెత్తి దుప్పటి ముసుగేసుకుని, ఎండాకాలంలో పళ్ళు కొట్టుకుంటూ పడుకుంది.

సాయంత్రం కొన్సీలియా డబ్బా తెరిచింది. "అన్నీ ఉన్నాయి," అని మూసేసింది.

ఒక్క బ్లేడు కూడా తగ్గలేదు.

మర్నాడు గేటు దగ్గర ఒర్నెల్లా మూట చంకలో పెట్టుకుని, ఇనుము తగిలితే కూసే సోదా యంత్రంలోంచి నడిచింది. యంత్రం నోరెత్తలేదు. అవతలికి వెళ్ళినట్టే వెళ్ళి, గార్డుని బతిమాలి వెనక్కొచ్చి తెక్లాని వాటేసుకుంది.

"ఏమే, అలా మొహం మాడ్చుకున్నావు? పరీక్ష మళ్ళీ రాయవే మొద్దూ. బారిలో నా పక్క మంచం ఖాళీ అవుతుందట, ఎవరికీ ఇవ్వద్దని జడ్జిగారికి నేనే ఉత్తరం రాశా. పీనా టీచర్ కూడా సంతకం పెట్టింది. పాసైతే నీదే."

తెక్లాకి అప్పుడు కన్నీళ్ళు ఆగలేదు. వెళ్ళిపోతుందనే ఏడుపని ఒర్నెల్లా అనుకుంది. అది సిగ్గు. ఈ పిల్ల నాకోసం ఉత్తరం రాస్తున్నప్పుడు నేను దాని బతుకులో బ్లేడు గుచ్చబోయానే అనే సిగ్గు.

తెక్లా కూర్చుంది. నేర్చుకుంది. పీనా టీచర్ పక్కన కుర్చీ వేసుకుని భిన్నాలు, శాతాలు చేసింది. చెట్లమీద ఆలివ్‌లు నల్లబడే వేళకి పరీక్ష పాసైంది. జడ్జి సంతకం వచ్చింది. బారి నుంచి ఒర్నెల్లా ఫోన్లో అరిచింది, "దుప్పటి ఉతికి పరిచానే! నీకు గులాబి రంగు ఇష్టం లేదని తెలుసు, అదే దొరికింది, నోరు మూసుకుని పడుకో!"

వెళ్ళే రోజు తెక్లా సోదా యంత్రంలోంచి నడిచింది.

యంత్రం కుయ్యిమంది.

బూట్లు విప్పించారు. జుట్టు పిన్నులు తీయించారు. మళ్ళీ కుయ్యిమంది. కొన్సీలియా చేతి యంత్రంతో పైనుంచి కిందికి తడిమింది. అది తెక్లా కడుపు దగ్గర ఆగి, ఒకటే గోల పెట్టింది.

హాస్పిటల్‌లో ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి డాక్టరు దగ్గరికి వంగి చూశాడు.

"ఎప్పుడు మింగావమ్మా దీన్ని?" అన్నాడు. "ఎక్కడ దొరికింది? మా నాన్న గడ్డం గీసుకునే కాలం నాటి బ్లేడు ఇది. ఇప్పుడు తయారే చెయ్యరు."

మర్నాడు పొద్దున ఆపరేషన్ అన్నారు. బ్లేడు మింగే పిల్లని బయట వదిలేదెలా అని జడ్జి కాగితం వెనక్కి తీసుకున్నాడు. పీనా టీచర్ మంచం పక్కన కూర్చుని తెక్లా చెయ్యి పట్టుకుంది. "పక్క మంచం వేరే పిల్లకి ఇచ్చేశారమ్మా," అంది. ఆమె మొహం గోడకున్న సున్నంలా ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట, లీబెరా పోయాక తీసిన ఇలాంటి ఫిల్మే ఆమె ఒకసారి చూసింది.

భోజనాలయ్యాక కిటికీ రెక్కలు మూశారు. వార్డంతా నిద్రపోయింది. తలుపుకి తాళం వేసి, కొన్సీలియా మంచం పక్కనే కుర్చీలో కునుకు తీసింది.

లేచి చూసేసరికి తెక్లా కళ్ళు తెరుచుకుని, కప్పుకేసి చూస్తూ ఉంది.

"ఊపిరాడట్లేదు మేడం... కాస్త వదులు చెయ్యండి..."

"ఏం వదులు చెయ్యనే?" అంటూ కొన్సీలియా దుప్పటి తీసింది. తెక్లా నడుం చుట్టూ తల్లిపిండికి చుట్టే గుడ్డ బిగించి ఉంది. దానిమీద తాడు, అటునుంచి ఇటు తిప్పిన ఎడమచేతి చుట్టు. కొన్సీలియా తెక్లాని పక్కకి తిప్పింది. ముడి వీపు మధ్యన, తెక్లా చెయ్యి అందని చోట ఉంది.

తాడు ఇంకా పిండి తడితో ఉంది. గుడ్డ కింద ఏదో మెల్లగా పొంగి, ముడిని లాగుతోంది.