ఎనభై ఎనిమిదో బిళ్ళ

అరుణ్‌కుమార్‌ను చంపడానికి గదిలోకి ఎవరూ రాలేదు. తుపాకీ పేలలేదు, కాఫీలో విషం కలవలేదు. గురువారం మధ్యాహ్నం కరీంనగర్ బస్టాండు దగ్గరి లాడ్జిలో భోజనం పార్సిల్ విప్పబోతూ అతను ఫోన్ చూసుకున్నాడు, అంతే. జబ్బకు అతికించుకున్న సెన్సర్, పాత రూపాయి బిళ్ళంత ఉంటుంది, అయిదు నిమిషాలకోసారి ఒంట్లో షుగర్ కొలిచి ఫోన్‌కు పంపుతుంది. స్క్రీన్ మీద ఎర్రగా 412 అని పడింది. దాని కింద ఇంకో మాట: "ఇరవై నాలుగు యూనిట్లు తీసుకోండి. గంటసేపు ఏమీ తినకండి."

అరుణ్‌కుమార్ చదువుకున్నవాడు. గూఢచారి శాఖలో డేటా అనలిస్టు. యాప్ చెప్పినట్టే ఇన్సులిన్ పెన్ను పొట్టలో గుచ్చుకున్నాడు. అప్పటికి అతని అసలు షుగర్ తొంభై. సాయంత్రం మేనేజరు తలుపు బద్దలు కొట్టేసరికి పార్సిల్ కట్టు విప్పకుండానే ఉంది.

శనివారం పొద్దున ఏడు గంటలకు అదే ఊళ్ళో, ఒక గెస్ట్‌హౌస్ గదిలో బ్రీఫింగ్.

"హంతకుడు ఎవరు మేడం?" అన్నాడు పరశురాములు.

"అతని కుడిచెయ్యి," అంది శాఖ రీజినల్ చీఫ్ మమతారాణి.

పరశురాములుకు నలభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పని వచ్చినవాడు, కానీ అతని కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ప్రతి ఏడూ ఒకే వాక్యం పడేది: 'పై అధికారుల మాటతో మాట కలపడు.' ప్రమోషన్ రాకుండా ఉండటానికి ఆ ఒక్క వాక్యం చాలు.

"గ్లైకోసాథీ అని ఒక క్యాంపు," అంది చీఫ్. "బొగ్గు గనుల కాలనీలలో ఫ్రీగా సెన్సర్లు పెడుతున్నారు. వెనకున్నది ఫారిన్ ముఠా. వాళ్ళ సర్వర్ తలుచుకుంటే ఫోన్‌లో ఏ నంబరైనా చూపిస్తది. అసలు టార్గెట్ ఎక్కడో ఇంకో దేశంల ఉన్న ఒక జనరల్. ఆయన చేతికి కూడా గిదే ఉంది. ఇక్కడ చేస్తున్నది ట్రయల్."

"ఇక్కడే ఎందుకు?"

"ఇక్కడ షుగర్ ఉన్న మనిషి పోతే షుగర్‌తోనే పోయిండంటరు. పోస్ట్‌మార్టం ఎవ్వరడుగుతరు?"

ఆమె ఒక కాగితం ముందుకు తోసింది. రెండు నెలల్లో పోయినవాళ్ళు, ఏడు పేర్లు. మూడో పేరు దగ్గర పరశురాములు కళ్ళు ఆగిపోయాయి. సమ్మవ్వ, యాభై ఒకటి, ఆరో గని కాలనీ.

"మా వదిన," అన్నాడు.

"తెలుసు. అందుకే నిన్ను పిలిచిన."

కన్నతల్లి పోయాక అతనికి అన్నం పెట్టి బడికి పంపింది ఆ వదినే. ఆమె పోయిన రోజు పరశురాములు వేరే రాష్ట్రంలో ఒక అరటిపళ్ళ వ్యాపారి వెనక తిరుగుతున్నాడు. సెలవు అడిగితే ఇవ్వలేదు. ఆ వ్యాపారి చివరికి నిజంగానే అరటిపళ్ళ వ్యాపారి అని తేలింది.

"ఏడుగురు పోయినప్పుడు మనమేం చేసినం మేడం?"

చీఫ్ ఫైలు దారం ముడి వేసింది. శాఖ కదిలింది శాఖ మనిషి పోయాకే.

సామగ్రి ఇచ్చారు. సెన్సర్‌లాగే ఉండే ఒక డమ్మీ, చేతికి అతికించుకుంటే ముఠా యాప్‌లో ఉన్నవాళ్ళందరి షుగర్ గ్రాఫులు తన ఫోన్‌లో కనిపిస్తాయి. సిగ్నల్ ఆపే జామర్ ఉన్న వాచీ ఒకటి. క్యాంపులో మన మనిషి ఉంది, పేరు భూమిక, ఏడాదిగా డాక్టరు వేషంలో ముఠాలో పనిచేస్తోంది. మారువేషం మాత్రం అక్కర్లేదన్నారు. ఆరో గని కాలనీలో పరశురాములును అందరూ ఎరుగుదురు: రాయమల్లు తమ్ముడు, కరెంటు మీటర్ల టెస్టింగ్‌లో నౌకరి. ఇరవై రెండేళ్ళుగా అన్నకూ అదే తెలుసు.

పదిన్నరకు బెల్లంపల్లి దాటి ఆరో గని చేరాడు. గని క్యాంటీన్ పక్కన నీలం టెంటు. టెంటు ముందు టేబుల్ మీద ఇన్సులిన్ పెన్నులు వరసగా పేర్చి ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు చీటీ. వాటి వెనక భూమిక. తెల్లకోటు, నల్లకళ్ళద్దాలు, నవ్వితే ఎదుటివాడు తన షుగర్ సంగతి మరిచిపోయేంత అందం.

"డాక్టరమ్మా, సర్వపిండిల షుగర్ ఉంటదా?" అది కోడ్.

"చేసేటోళ్ళ చేతిల ఉంటది." అది జవాబు.

ఆమె అతన్ని టెంటు వెనక్కి తీసుకుపోయింది. "టైం లేదు. పొద్దున ఫస్ట్ షిఫ్టోళ్ళతోని నేను గూడ గనిల దిగిన. లోపట మన మనిషిని కలిసి ఇప్పుడే పైకొచ్చిన. ఇయ్యాల మూడు గంటలకు ఇంకో మర్డర్. శ్రీహరి అని యాప్ రాసిన ఇంజనీరు, ముఠాకు ఎదురు తిరిగి ఆసిఫాబాద్‌ల దాక్కున్నడు. నువ్వు పోయి ఆయన ఫోన్ గుంజుకో."

"మా అన్న? ఆయన గూడ ఫస్ట్ షిఫ్టే, చేతికి గీ సెన్సరే ఉంది."

"మీ అన్నకేం కాదు. నేనున్న గద."

మంచి మాట. పరశురాములు జీపు ఎక్కి ఆసిఫాబాద్ చేరాడు. ఆమె చెప్పిన ఇంటికి తాళం ఉంది. పక్క వీధుల్లో కూడా వాకబు చేశాడు. శ్రీహరి అనే పేరు అక్కడ ఎవరూ వినలేదు. రెండు కావస్తుండగా జీపులో కూర్చుని ఫోన్ తీశాడు. అన్న గ్రాఫు తెరిచాడు. భయమేసి తెరిచాడు, దాచడానికేమీ లేదు.

ఆకుపచ్చ గీత పొద్దున ఆరు యాభైకి తెగిపోయింది. ఒక్క క్షణం తర్వాత గుర్తొచ్చింది. గనిలోకి ఫోన్ పోదు. బీడీ పోదు, అగ్గిపెట్టె పోదు, ఫోన్ అసలే పోదు. ఒక్క నిప్పురవ్వకే గ్యాసు అంటుకుంటుంది. దిగే ప్రతి మనిషి ఫోన్ పైన ల్యాంప్ రూమ్ బీరువాలో పెట్టి దిగాలి, అది మేనేజరైనా సరే. ఫోన్‌కు దూరమైతే గీత తెగుతుంది, పైకొస్తే అతుకుతుంది. ఫస్ట్ షిఫ్టులో సెన్సర్ పెట్టుకున్న అరవై మందివీ వరసగా చూశాడు. అరవై గీతలూ ఆరు యాభైకే తెగి ఉన్నాయి.

భూమిక చేతికీ సెన్సర్ ఉంది, క్యాంపు ప్రచారం కోసం. ఆమె గ్రాఫు తెరిచాడు. పొద్దుటి నుంచి ఎక్కడా తెగలేదు. పైగా ఎనిమిదిన్నర దగ్గర చిన్న గుట్ట, ఇడ్లీలు తిన్నట్టు.

ఆమె గనిలో దిగలేదు. శ్రీహరి కూడా లేడు, తనను దూరం పంపడానికే ఆ కథ. ఆ ఒక్క ముక్క తెలిశాక మిగతాది విప్పుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మూడింటికి షిఫ్టు అయిపోతుంది. అరవై మంది ఆకలితో పైకొచ్చి, ఫోన్లు తీసుకుని, ఎర్రటి అంకె చూసి, పక్కనే సిద్ధంగా ఉన్న పెన్నులు గుచ్చుకుంటారు. టార్గెట్ ఒక్కడు కాదు. అరవై మంది, అందులో అన్న ఒకడు.

జీపు వెనక్కి తిప్పాడు. రెబ్బెన దగ్గర బొగ్గు లారీల వెనక పావుగంట ఇరుక్కున్నాడు. చీఫ్ ఫోన్ ఎత్తలేదు. ఆరో గని చేరేసరికి రెండు నలభై ఆరు. వాచీ బటన్ నొక్కితే జామర్ ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. ఛార్జింగ్ పెట్టడం శాఖలో ఎవరి డ్యూటీయో ఇంతవరకూ తేలలేదు.

ల్యాంప్ రూమ్ కిటికీలో హనుమండ్లు ఉన్నాడు, చిన్నప్పటి దోస్తు.

"వదిన సావుకు రానోనివి, ఇప్పుడు యాదికొచ్చినమా?"

"తిట్టు, పడుత. ముందుగాల ఒక్క పని జెయ్యి. ఇయ్యాల ఫోన్లు ఇయ్యకు."

"ఎందుకియ్యొద్దు?"

"సెప్పలేను."

"మేనేజర్ కాయితం తే. నీ మాట మీద బందు వెడితె నా నౌకరి పోతది."

నిజం చెబితే? ఫ్రీగా వచ్చిన మిషన్ ప్రాణం తీస్తుందని మీటర్లవాడు చెబితే ఎవరు నమ్ముతారు? అక్కడే తెల్లకోటులో డాక్టరమ్మ నిలబడి ఉండగా!

పరశురాములు కళ్ళు గోడమీది బోర్డు మీద పడ్డాయి. దిగేటప్పుడు మనిషి తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి తలలైటు తీసుకుంటాడు. ఎక్కాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే కింద మనిషి ఉన్నట్టు. బోర్డు ఖాళీ అయ్యాకే ఫోన్ల బీరువా తెరుస్తారు, అప్పటిదాకా గని నోటి దగ్గర్నుంచి ఎవరూ కదలరు. గని పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి.

అతని తాళాల గుత్తికి బాపు బిళ్ళ ఉంది. ఎనభై ఎనిమిది. బాపు రిటైరయ్యాక ఆ నంబరుతో ఇంకో బిళ్ళ కొట్టించి కాంట్రాక్టు కూలీలకు తిప్పుతున్నారు. నెలకో మనిషి, ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. షిఫ్టు పైకొచ్చి కిటికీ దగ్గర తోపులాట మొదలైంది. ఆ సందులో పరశురాములు లోపలికి చెయ్యి చాచి, ఆ రోజు కూలీ రాక ఖాళీగా ఉన్న ఎనభై ఎనిమిదో కొక్కేనికి బాపు బిళ్ళ తగిలించాడు.

రెండు యాభై ఎనిమిది. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది.

"ఎనభై ఎనిమిదీ!" హనుమండ్లు కేక పెట్టాడు. "ఎనభై ఎనిమిది ఎవలదిరా?"

ఎవరూ పలకలేదు. గోల ఆగిపోయింది.

"గా కాంట్రాక్టు పోరడు గావచ్చు, పొడుగ్గుంటడు," అన్నారెవరో.

"పేరేంది?"

పేరు ఎవరికీ తెలియదు. అయినా ఎవరూ ఇంటికి పోతానన్లేదు. ఎనిమిది గంటలు బొగ్గు కొట్టి, మొహం మీద మసి కూడా కడుక్కోని మనుషులు మళ్ళీ గని నోటివైపు తిరిగారు. యాభై అయిదేళ్ళ రాయమల్లు ఇచ్చేసిన లైటు మళ్ళీ అడిగి టోపీకి తగిలించుకున్నాడు. "నేను పోత, నాతో ఇద్దరు రాండ్రి," అన్నాడు. లేని మనిషి కోసం దిగబోతున్న అన్నను చూసి పరశురాములు తల దించుకున్నాడు. ఇక్కడ ఒక్క బిళ్ళ తేడా వస్తే ఊరంతా ఆగుతుంది. శాఖలో ఏడు పేర్లు పోతే ఫైలు దారం కూడా విప్పలేదు.

భూమిక కిటికీ దగ్గరికి వచ్చింది. "బీరువా తియ్యండి. పేషెంట్ల రీడింగ్ చూడాలె. అర్జెంట్."

"కింద ఒకడున్నడు మేడం," అన్నాడు హనుమండ్లు.

"రెండు నిమిషాల పని!"

"వాడు పైకొచ్చినంక."

సరిగ్గా మూడు. బీరువా జాలీ వెనక అరవై ఫోన్లు ఒక్కసారి గుర్రుమన్నాయి. అరవై ఎర్రటి అంకెలు వెలిగాయి. 405, 418, 431. వాటివైపు ఒక్కడూ తిరిగి చూడలేదు. అందరి కళ్ళూ గని నోటి మీదే ఉన్నాయి.

"గనిల ఇడ్లీలు గూడ అమ్ముతున్నరా డాక్టరమ్మా?" పరశురాములు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

భూమికకు అర్థమైంది. పారిపోవాలని చూడలేదు.

"మొదటి సావు నుంచి రిపోర్టులు పంపిన," అంది నెమ్మదిగా. "ఏడు రిపోర్టులు. మనోళ్ళు ఒక్కటన్న తెరిచిండ్రా? గా ఫారినోళ్ళు నా ప్రతి అక్షరం చదివిండ్రు. చదివెటోళ్ళ దిక్కు పోయిన."

"మూడో రిపోర్టు మా వదినది."

"తెల్సు. మంచిగ రాసిన." ఆమె కళ్ళద్దాలు తీసింది. ఆ కళ్ళల్లో నవ్వు లేదు.

రాయమల్లు ఇంక్లైన్‌లో, గనిలోకి దిగే ఏటవాలు దారిలో, నాలుగడుగులు వేశాడో లేదో, పరశురాములు అరిచాడు: "ఆగన్నా! బిళ్ళ నేనే పెట్టిన!" తర్వాత పడిన తిట్లు ఇక్కడ రాసేవి కావు.

మూడు నలభైకి, ఎప్పటిలాగే అంతా అయ్యాక, చీఫ్ జీపు వచ్చింది, భూమికను ఎక్కించుకున్నారు. తప్పుడు అంకెలు పంపేటప్పుడు సర్వర్ ఆచూకీ దొరికిందట. కరీంనగర్‌లో ఒక ఫ్లాట్‌లో ఇద్దరు విదేశీయుల్ని పట్టుకున్నారు. జనరల్ ప్రాణం దక్కింది. క్యాంపు మూసేశారు. సాక్ష్యమని అరవై చేతుల మీది సెన్సర్లూ పీకేశారు. రేపటి నుంచి వీళ్ళ షుగర్ ఎవరు చూస్తారని పరశురాములు అడిగితే, "డిస్పెన్సరీ ఉంది కదా," అంది మమతారాణి. డిస్పెన్సరీలో స్ట్రిప్పులు అయిపోయి చాలాకాలమైంది.

"ఆ ఏడుగురు?"

"బయటికొస్తే మన ఆలస్యం కూడా బయటికొస్తది. అవి షుగర్ కేసులు పరశురాములూ. అట్లనే ఉండనీ."

జీపు పోయాక అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. బాపు బిళ్ళ చేతిలో పెట్టాడు.

"ఫోన్లు అన్ని ఎర్రగైనయట. నాది నాలుగొందల అయిదు సూపెట్టింది. హనుమండ్లు వాళ్ళింట్ల మిషిన్‌తోని వేలు గుచ్చి సూస్తె తొంభై ఆరే."

"సర్వర్ ఖరాబైందంటన్నా."

"మీ వదినకు గూడ గా దినం నాలుగొందలే సూపెట్టింది." రాయమల్లు తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, గోళ్ళలో ఇంకా బొగ్గుంది. "నాకు చేతులు వణుకుతున్నయయ్యా, నువ్వే గుచ్చు అన్నది. నేనే గుచ్చిన. నువ్వు మీటర్ల నౌకరోనివి, నీకు తెలుస్తది. సెప్పు తమ్మీ. గా దినం గూడ మిషిన్ అబద్ధమాడిందా?"

పరశురాములు బిళ్ళను గట్టిగా పిడికిట్లో పట్టుకున్నాడు. అంచు అరచేతిలో దిగింది.

"లేదన్నా. గప్పుడు మిషిన్ మంచిగనే ఉండె. వదినది షుగరే."

రాయమల్లు చాలాసేపటికి ఊపిరి వదిలి, చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో పరశురాములు పై అధికారి మాటతో మాట కలపడం అదే మొదటిసారి.