ఆపరేషన్ పదకోశం

“పిడుగురాళ్ల క్వారీలో డిటొనేటర్లు మాయమయ్యాయి. ఎత్తుకుపోయింది విదేశీ ముఠా. టార్గెట్ రైలు. ఏ రైలో, ఎక్కడో తెలీదు.” చీఫ్ అన్సార్ టీ కప్పు పక్కకు జరిపాడు. “ఇక్కడి క్వారీ మనుషుల్ని కలుపుకున్నట్టున్నారు, వాళ్ల మెసేజ్‌లన్నీ క్వారీ మాటల్లో ఉన్నాయి. మన సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. అందుకని ఇవాళ్టి నుంచి నువ్వు రీసెర్చ్ స్కాలర్‌వి. పల్నాటి క్వారీ మాటలతో పదకోశం తయారుచేస్తున్నావు.”

“పదకోశమంటే డిక్షనరీయేగా సార్?” అన్నాడు ఏజెంట్ హర్ష.

“అలా అన్నావంటే మొదటిరోజే దొరికిపోతావు. భాష మొత్తానిది నిఘంటువు. ఒక పనికో, ఒక సీమకో చెందిన మాటల్ని ఏరి కూర్చింది పదకోశం. మాట, అర్థం, ప్రయోగం. మూడూ ఉండాలి.”

కొద్దిరోజుల్లోనే హర్ష నాంచారమ్మ వసారాలో ఇంటిమనిషైపోయాడు. ఆమె భర్త పెద్దన్న క్వారీలో మందు పేల్చే పనిచేస్తూ అక్కడే పోయాడు. హర్ష చొక్కా గుండీలో మైకు, కళ్లజోడులో కెమెరా, ముఖాన పండితుడి నవ్వు. పాపం, ఆమె ఆ నవ్వునే నమ్మి వేరుశనక్కాయలు ఉడకబెట్టి పెట్టేది.

“పదకోశం అంటే ఏందయ్యా?”

“మీ పని మాటలన్నీ ఏరి, ఏది ఎప్పుడు ఎలా వాడతారో రాసి పెట్టే పుస్తకం పెద్దమ్మా.”

“మా ఆయన మాటలు గూడా ఏత్తారా? పేరు పెడతారా?”

“తప్పకుండా.”

అలాంటి పుస్తకం ఎన్నటికీ రాదని హర్షకు తెలుసు. అబద్ధాలాడటం అతని ఉద్యోగం. ఆ ఒక్క అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం ఆమె కొత్త మాట చెప్పింది. “రాతి గుంతలో మందు కూరి ముట్టిచ్చినాక పేలకపోతే ‘గుంత అలిగింది’ అని కేకేత్తారు. మా ఆయన ఒకపాలి...”

ఫోన్ మోగింది. ఢిల్లీ నుంచి దిగిన పార్ట్‌నర్ యమున. నల్ల కళ్లద్దాలు, వీధి చివరికి కూడా తెలిసే సెంటు. “కార్లో ఉన్నాను. త్వరగా రా!”

‘అలిగింది: పేలలేదు’ అని రాసుకుని, ప్రయోగం దగ్గర ఖాళీ వదిలి హర్ష లేచాడు. నాంచారమ్మ ముఖం చిన్నబోయింది. అతను చూశాడు. చూసీ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ముఠా మెసేజ్ దొరికింది: “రైలు వంతెన కింద గుంత అలిగింది.”

“అర్థం?” నాంచారమ్మ వీధి చివర ఆగిన కార్లో యమున అడిగింది.

“బాంబు పేలలేదని.”

“గుడ్. ఇక భయం లేదు. ” యమున ఫోన్లో ఏదో టైప్ చేసింది. “మెసేజ్ దొరకగానే స్టేషన్లో ఆపిన ప్యాసింజర్ రైలుని వదిలెయ్యమని చెప్పేశాను. బాంబు స్క్వాడ్ తర్వాత వెళ్తుంది.”

హర్షకు ఆ ఖాళీ గుర్తొచ్చింది. కారు దిగి నాంచారమ్మ ఇంటికి పరిగెత్తాడు. వెనకాలే యమున.

“పెద్దమ్మా, గుంత అలిగితే ఏం చేస్తారు? చెప్పు, త్వరగా!”

ఆమె బిత్తరపోయింది. “ఎవురూ దగ్గిరికి పోగూడదు. గునపం ఏయగూడదు, బండి కదలగూడదు. నేల అదిరిందా, పేలుద్ది. ఆ రోజు కేకేసినా ఓ లారీ కదిలింది. ఆపుదామని మా ఆయన ఎదురు పరిగెత్తాడు. అంతలోకే పేలింది.”

ఓదార్చే తీరిక లేదు. హర్ష జేబులోంచి వైర్‌లెస్ తీశాడు. “కంట్రోల్! రైలు ఆపండి! రైలు అదురుకే బాంబు పేలుతుంది!”

“క్యాన్సిల్ చెయ్యి హర్షా.” యమున చేతిలో లిప్‌స్టిక్. దాని మూతిలోంచి తుపాకీ గొట్టం. ముఠా మనిషి ఇన్నాళ్లూ పక్క సీట్లోనే కూర్చుందన్నమాట!

“ఏమే, మా పిల్లోడి మీదికే వత్తావా!” పొయ్యి మీది వేరుశనక్కాయల గిన్నె సలసలా యమున చేతిమీద పడింది. తూటా కప్పులోకి పోయింది. హర్ష ఆమె చేతులు విరిచి పట్టుకున్నాడు.

వైర్‌లెస్ గరగరలాడింది. “రైలు ఆగింది సార్. ఇంజన్ వంతెన మొదట్లోనే ఉంది.”

యమునను తీసుకెళ్లాక హర్ష గడప దగ్గర కూలబడ్డాడు. “నేను స్కాలర్‌ని కాను పెద్దమ్మా. పోలీసు మనిషిని. పుస్తకం లేదు. నిన్ను మోసం చేశాను.”

నాంచారమ్మ కింద చెదిరిన వేరుశనక్కాయలు ఏరి గిన్నెలో వేసింది. “మరి ఆయన చావు సంగతి నాతోటి ఎందుకు చెప్పిచ్చావయ్యా?”

రైలు నిండా జనం బతికారని చెప్పవచ్చు. అది ఆమె ప్రశ్నకు జవాబు కాదు. నోట్‌బుక్ తెరిచి, ‘అలిగింది’ పక్కన వదిలిన ఖాళీలో ప్రయోగం రాసి, కింద పెద్దన్న పేరు పెట్టాడు.

ఫోన్లో అన్సార్ ఉత్సాహంగా ఉన్నాడు. “శభాష్! ఆపరేషన్ పదకోశం పూర్తయింది. రాత్రి బండికి వచ్చెయ్.”

“పూర్తవడం ఎక్కడ సార్?” అన్నాడు హర్ష, నాంచారమ్మ వైపు చూస్తూ. “ఇంకా ‘అ’ దగ్గరే ఉన్నాం.”