శుభోదయం చెప్పిన లాప్‌టాప్

తూటా డ్రైవర్ భుజాన్ని చీల్చుకుంటూ వెళ్లి గోడలో దిగింది. పక్కనే ఉన్న సాక్షికి చిన్న గీత కూడా పడలేదు. కానీ ఆ రహస్య గృహం అడ్రస్ తెలిసింది నలుగురికే: చీఫ్, డ్రైవర్, ఏజెంట్ డేగ, ఫోన్ లైన్లు చూసే టెక్నీషియన్ తాతయ్య.

"దొంగ మనలోనే ఉన్నాడు," అన్నాడు చీఫ్. "పదకొండుకి సాక్షి కోర్టులో నోరు విప్పితే ఆ విదేశీ ముఠా పని సరి. ఇప్పుడు తొమ్మిది. ఎవరు?"

డేగ తడుముకోలేదు. "తాతయ్య, సార్. మా అందరి కంప్యూటర్లలో తయారీ కంపెనీ పెట్టిచ్చిన సిస్టమే ఉంది. ఆయనొక్కడే దాన్ని పీకేసి ఏదో ఓపెన్ సోర్స్ అంట, అది పెట్టుకున్నాడు. దాచుకునేది లేకపోతే ఎందుకు సార్?"

పది నిమిషాల్లో తాతయ్య బెల్టు, కళ్లద్దాలు లాగేసుకుని స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టారు.

డేగ సాక్షిని రెండో ఇంటికి మార్పించి, అడ్రస్‌తో సహా రిపోర్ట్ టైప్ చేశాడు. లాప్‌టాప్ తెర మీద అతని పెళ్లి ఫొటో. కింద, "శుభోదయం, కొత్త దంపతులకు!" రోజూ ఆ పలకరింపు చూసి భార్య చప్పట్లు కొడుతుంది. ఆ లాప్‌టాప్ పెళ్లి కానుక. ఇచ్చింది నెమలి, ముఠాలో ఉంటూనే వీళ్లకు కబుర్లు మోసే అందగత్తె.

రెండు వారాల కిందటే తాతయ్య అడిగాడు. "నాయనా, నీ లాప్‌టాప్ సిస్టమ్ లోపలేముందో నీకూ చూపించరు, నాకూ చూపించరు. తాళం చేసినవాడి దగ్గర రెండో చెవి లేదని ఏంటి నమ్మకం? నాది ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. ఇవ్వు, మార్చేస్తా."

"మారిస్తే మా శుభోదయం పోతుంది తాతయ్యా," అని డేగ నవ్వేశాడు.

పదిన్నర దాటాక డేగ ప్రశ్నించడానికి స్టోర్ రూమ్‌కి వెళితే, తాతయ్య జేబులోంచి మడత కాగితం తీశాడు. "పొద్దున తీసిన నెట్‌వర్క్ లాగ్, ఏ మిషన్ నుంచి ఎక్కడికేం పోతోందో చెప్పే చిట్టా. పది నిమిషాలకోసారి ఇక్కణ్ణుంచి బయటి దేశానికేదో పోతోంది. చెప్పేలోపే బెల్టు తీయించావు. కళ్లద్దాలు కూడా లేవు, ఏ మిషనో నువ్వే చదువు."

డేగ చదివాడు. చెవులు వేడెక్కాయి. "నా... నాదే."

ఆ వెంటనే రెండో అడ్రస్ గుర్తొచ్చింది. భూమి విచ్చుకుంటే అందులోకి దూరిపోయేవాడే.

"సిగ్గు తర్వాత పడుదువుగాని," అన్నాడు తాతయ్య. "ఎలాగూ మోసుకుపోతోంది కదా, మనకు కావలసింది మొయ్యనీ. టైప్ చెయ్యి."

డేగ చీఫ్‌కి కబురు పంపి, లాప్‌టాప్ తెచ్చి కొట్టాడు: సాక్షిని పాత ఐస్ ఫ్యాక్టరీకి మార్చాం. కాపలా ఒక్కడే.

పదీ ముప్పై ఎనిమిది. రెండో ఇంటి కాపలావాడి గొంతు ఫోన్‌లో గుసగుసలాడింది. "సార్, ఇద్దరు మెట్లెక్కుతున్నారు. తుపాకులున్నాయి. నేనొక్కణ్ణే."

ముప్పై తొమ్మిది. "తలుపు దగ్గరికొచ్చేశారు!"

నలభై. తాతయ్య మిషన్ లాగ్‌లో కొత్త గీత పడింది; ఐస్ ఫ్యాక్టరీ కబురు బయల్దేరింది.

"ఒకడి ఫోన్ మోగింది సార్... దిగిపోతున్నారు!"

ఐస్ ఫ్యాక్టరీలో మాటు వేసిన చీఫ్ మనుషులు ఆ ఇద్దర్నీ, బయట కారులో కూర్చున్న నెమలినీ పట్టుకున్నారు. నెమలి నల్ల కళ్లద్దాలు దించి, అక్కడికి చేరుకున్న డేగను చూసింది. "కానుక నచ్చలేదా?"

డేగ తల దించుకున్నాడు. పదకొండుకి సాక్షి నోరు విప్పాడు.

"శభాష్ డేగా!" అన్నాడు చీఫ్. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కటీ చెంప మీద పడ్డట్టే ఉంది. తట్టుకోలేక జరిగిందంతా అందరి ముందే చెప్పేశాడు. తాతయ్య కళ్లద్దాలు తన చేతిరుమాలుతో తుడిచి ఇచ్చాడు. "క్షమించండి తాతయ్యా."

"ముందు బెల్టివ్వు. ప్యాంటు పట్టుకుని ఎంతసేపు క్షమించను?"

ఆస్పత్రిలో డ్రైవర్‌కూ చెప్పాడు. అతను భుజం కట్టు సర్దుకుని, "మా ఆవిడకు మాత్రం చెప్పకు అన్నా, తను క్షమించదు," అన్నాడు. ఆ మాట డేగకు ఇంటిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆధారాలు కాపీ చేసుకున్నాక తాతయ్య సిస్టమ్ మార్చేశాడు. మర్నాడు తెర తెరిస్తే ఒట్టి బూడిదరంగు. పలకరింపు లేదు. భార్య మూతి ముడిచి, చీటీ మీద 'శుభోదయం' అని రాసి తెరకు అంటించింది.

డేగ చీటీ పీకి వెనక్కి తిప్పాడు.

"ఏంటా చూపు?"

"లోపలేముందో చూశాకే నమ్మాలట."

వెనక రాసి ఉంది: వచ్చేటప్పుడు పాలు తెండి.