బంతిపూల అడ్డం

హైదరాబాదు నుంచి రేష్మా అనే గుర్రంతో పాటు డీసీఎం వ్యానులో కూచుని వచ్చిన తిరుమల ఇంటికైనా వెళ్లకుండా గోదావరిఖని లక్ష్మీనగర్‌లో అంజి పూలకొట్టు ముందు దిగింది. మోకాళ్ల దాకా నల్ల బూట్లు, జుట్టు నిండా గడ్డి పరకలు. పెళ్లి పందిళ్లు అలంకరించే అంజి అప్పుడు నేల మీద కూచుని దండ గుచ్చుతున్నాడు. ఆమె ఆ దండ లాక్కుని పక్కన పడేసింది.

"రేష్మాకు పూలకాడ ఆగుడు నేర్పింది నువ్వేనా?"

మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాడు పాపం. అవునన్నాడు. బారాత్‌లో పెళ్లికొడుకును మోసుకొచ్చే గుర్రం పందిరి ముందు బెదిరితే తన దండలన్నీ తెగిపోతాయనీ, అందుకే రెండేళ్లుగా బంతిపూల ద్వారం దగ్గర బెల్లం ముక్క పెట్టి, హారతి అయ్యేదాకా కదలకుండా నిలబడటం అలవాటు చేశాననీ గర్వంగా చెప్పాడు.

తిరుమలకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి. గని కార్మికుడు ఎల్లేశం కూతురు పశువైద్య కాలేజీలో చదువుతూ ఎన్‌సీసీ గుర్రాల మీద షో జంపింగ్, అంటే గుర్రంతో అడ్డాలు దూకించే పోటీ, నేర్చుకుంది. చదువు అయిపోగానే ఆ గుర్రాలూ పోయాయి. బారాత్‌లకు గుర్రాన్ని తిప్పే గులాం అలీని బతిమాలి, ఆయన ఆడగుర్రం రేష్మాను ఏడాదిపాటు తయారు చేసింది. రాష్ట్రం టీములో ఉన్నవి నాలుగే చోట్లు. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు జరిగినా చెవి కదపని రేష్మా, ట్రయల్స్‌లో మొదటి అడ్డం దాకా దౌడు తీసింది. దానికి చుట్టిన బంతిపూలు చూసి ఆగింది. ఆగి, బుద్ధిగా తల వంచి హారతి కోసం ఎదురు చూసింది. తిప్పి తెస్తే మళ్లీ అదే పని. రెండుసార్లు ఆగితే బయటికి నడవాల్సిందే.

పైగా ట్రయల్స్ సెక్రటరీ మైకు అందుకుని, ఎవరైనా హారతి పళ్లెం తెస్తారా అని అడిగాడు. గ్యాలరీ అంతా పగలబడి నవ్వింది. వాళ్లకేం, ఏసీ లాయంలో పెరిగిన గుర్రాలు వాళ్లవి.

"ఏడాది కష్టం నీ బెల్లం ముక్కతోని పాయె," అంది తిరుమల. "ఇరవై రోజులల్ల ఇంకో ట్రయల్ ఉన్నది. గదే ఆఖరుది. నేర్పినోడివి నువ్వే మాన్పియ్యాలె."

తనకు గుర్రాల సంగతి ఏమీ తెలియదని అంజి గొణిగాడు. బెల్లం పెట్టడానికి తెలిసింది కదా అని ఆమె నోరు మూయించింది.

ఆ ఇరవై రోజులూ రేష్మాను ఏ పెళ్లికీ పంపనని గులాం అలీ మాటిచ్చాడు. సాయంత్రం కాగానే కాలనీ వెనక గ్రౌండులో అంజి తన పందిరి బొంగులను డ్రమ్ముల మీద అడ్డంగా పెట్టి, కొట్లో మిగిలిన బంతిపూలు చుట్టేవాడు. తిన్న రుచి మరిచిపోదు కాబట్టి బెల్లాన్ని అడ్డానికి అవతలి పక్కకు మారుద్దామన్నది అతని ఆలోచనే. మంచి ఆలోచనే అయినా తిరుమల మెచ్చుకోలేదు.

నాలుగు రోజులు రేష్మా అడ్డం దగ్గర ఆగి, మెడ చాచి, అవతల నిలబడ్డ అంజి చేతి వంక చూసింది. తిట్లు మాత్రం గుర్రానికి పడలేదు. అయిదో రోజు ఎగిరి దూకి అతని పక్కనే దిగేసరికి అంజి భయంతో చతికిలబడ్డాడు. తిరుమల పకపకా నవ్వింది. అంతలోనే తను కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి మూతి బిగించుకుంది.

ఆ మర్నాటి నుంచి బంతిపూల సంచిలో ఒక మల్లె మూర కూడా రావడం మొదలైంది. ఇప్పుడు మల్లెలకూ ఆగడం నేర్పుతున్నావా అని ఆమె రెచ్చిపోయింది. అంజి బొంగుకు బంతిపూలు చుట్టడంలో మునిగిపోయాడు. పక్క క్వార్టర్ మల్లక్క ఊరుకోక, ఆ మల్లెలు ఎవరికని అడిగింది. గుర్రానికని చెప్పింది తిరుమల.

"గుర్రం కొప్పుల పెట్టుకుంటదా బిడ్డా?" అంది మల్లక్క.

తిరుమల రెండు రోజులు మల్లక్కతోనూ, అంజితోనూ మాట్లాడలేదు. ఎందుకని అడిగితే ఆమెకే తెలియదు.

రెండో ట్రయల్‌కు అంజి, గులాం అలీ కూడా వెళ్లారు. సెక్రటరీ బారాత్ గుర్రానికి ఎంట్రీ లేదన్నాడు. తిరుమల రూల్స్ పుస్తకం బల్ల మీద పెట్టి, గుర్రం ఏ పని చేసి బతకాలో ఏ పేజీలో రాశారో చూపించమంది. ఆయన పేజీలు తిప్పుతుంటే ఆమె కదలకుండా నిలబడింది. వెనక లైను పెరిగింది. చివరికి ఆయన సంతకం పెట్టాడు.

ఆ రోజు కావాలనో ఏమో, ప్రతి అడ్డానికీ పూలే. రేష్మా ఒక్కదాని దగ్గరా ఆగలేదు, ఒక్క కడ్డీ పడెయ్యలేదు. తిరుమలకు మూడో స్థానం వచ్చింది.

అయితే మే నెలంతా ఢిల్లీలో క్యాంపు, గుర్రాన్ని చూసుకునే మనిషి పేరు సాయంత్రం అయిదులోగా రాసివ్వాలి, లేకపోతే ఆ చోటు తరువాతివాళ్లకు పోతుంది అన్నారు. గులాం అలీకి మోకాళ్ల నొప్పులు. తిరుమల ఫారం తెచ్చి అంజి ముందు పెట్టింది. అంజి ఆ ఫారాన్ని అటూ ఇటూ తిప్పాడు. మే నెలంటే పెళ్లిళ్ల నెల మరి.

"గుర్రం కోసమైతే నేను రాను," అన్నాడు చివరికి.

తిరుమల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతా చేసి ఇప్పుడు ముంచుతావా అని అరవబోయింది.

"నీ కోసమైతే వస్త. ఢిల్లీకే గాదు, ఏడికన్న వస్త."

సిగ్గుపడుతుందని మీరనుకుంటారు. ఆమె కోపం రెట్టింపయింది.

"మల్లక్కకు ఎప్పుడో ఎరుకైంది. గులాం కాకకు ఎరుకైంది. నువ్వు గీ ముచ్చట ఫారం గడువు అయిపోయేటప్పుడు చెప్తవా?"

"తిడుతవని చెప్పలే."

"చెప్పకున్న తిట్టిన గదా," అని అతని పేరు కాగితం చిరిగేలా ఒత్తి రాసింది.

మర్నాడు ఎల్లేశం ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చేసరికి అంజి క్వార్టర్ అరుగు మీద కూచుని ఉన్నాడు. తిరుమలను చేసుకుంటానన్న మాట చెప్పడానికి అతనికి చెమటలు పట్టాయి. ఎల్లేశం బూట్లు విప్పుతూ అంతా విన్నాడు.

"మా పిల్ల కోపం ఎరుకేనా నీకు?"

"ఎరుకే. ఇరవై రోజులు తిట్లు తిన్న. ఇంక తింట."

ఎల్లేశం మీసాల కింద నవ్వుకుని, సరే, ముందు ఢిల్లీకి పోయి రండి, వచ్చాక పెద్దమనుషులతో మాట్లాడదామన్నాడు. తలుపు చాటు నుంచి తిరుమల బయటికి వచ్చింది.

"వచ్చినంక ఎందుకు నాయనా? ఈయన నోరు తెరిచేటందుకే ఇరవై రోజులు పట్టింది. ఇప్పుడే మాట్లాడుండ్రి."